బొమ్మ నౌకలో ఒక్కతే

కథల్ని, నవలల్ని, సినిమాల్ని, స్కూలు పాఠాల్ని స్త్రీవాద దృష్టితో చదవడం మనకిప్పుడు కొత్త కాదు. వాచకంలో నాన్న పేపరు చదువుతుంటే అమ్మ ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఎందుకుండాలని మనం చాలా ఏళ్లుగా అడుగుతున్నాం. కానీ పిల్లల చేతిలోని ఆటబొమ్మ దగ్గరికి వచ్చేసరికి మన విమర్శ రెండు మాటలతో ఆగిపోతుంది. ఆడపిల్లకి వంటసామాను ఇస్తారు, మగపిల్లాడికి తుపాకీ ఇస్తారు, ఇది అన్యాయం అంటాం. మాట నిజమే. అయితే ఒక కవితని చదివినంత ఓపిగ్గా మనం ఏ ఆటబొమ్మనైనా తిప్పి తిప్పి చూశామా? దాని మూత తీసి లోపల ఏమేం పెట్టారో, ఏమేం పెట్టలేదో లెక్క వేశామా?

1957లో వచ్చిన 'మిథాలజీస్' పుస్తకంలో రోలా బార్త్ ఆటబొమ్మల గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. పెద్దవాళ్ల ప్రపంచాన్నే చిన్నది చేసి పిల్లల చేతికిస్తున్నామనీ, యుద్ధం, ఉద్యోగం, తల్లితనం అన్నీ ముందే తయారుచేసి పెడుతున్నామనీ, దాంతో పిల్లలు సృష్టించేవాళ్లు కాకుండా వాడుకునేవాళ్లుగా మిగులుతున్నారనీ ఆయన ఫిర్యాదు. ఆ మాటని పట్టుకుని నేనొక బొమ్మని చదవాలనుకుంటున్నాను. అది మన ఊళ్ల బొమ్మ కాదు. 1979లో అమెరికాలో కెన్నర్ కంపెనీ అమ్మిన అంతరిక్ష నౌక. పేరు మిలీనియం ఫాల్కన్. 'స్టార్ వార్స్' సినిమాలోని నౌకకి అది ప్లాస్టిక్ రూపం. ఒక తరం అమెరికన్ పిల్లల ఊహల్ని మలిచిన వస్తువు అది. ఇవాళ నడివయసు మగవాళ్లు చాలా డబ్బు పెట్టి కొనుక్కుని అద్దాల బీరువాల్లో దాచుకుంటున్నారు. అలా దాచుకునేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. మా పెదనాన్న కొడుకు వాళ్లలో ఒకడు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు బొమ్మ పుట్టుక. 'స్టార్ వార్స్' 1977 మే 25న విడుదలైంది. దాని బొమ్మలు చేసే హక్కు ఒహాయో రాష్ట్రం సిన్సినాటిలోని కెన్నర్ కంపెనీకి దక్కింది. అప్పట్లో కెన్నర్ యజమాని జనరల్ మిల్స్, అంటే పిల్లలు పొద్దున్నే పాలల్లో వేసుకుని తినే సీరియల్ అమ్మే సంస్థ. సినిమా అంత పెద్ద విజయం సాధిస్తుందని ఎవరూ అనుకోలేదు. క్రిస్మస్ వచ్చేసింది, బొమ్మలు తయారు కాలేదు. దాంతో 1977 క్రిస్మస్‌కి కెన్నర్ ఒక అట్ట కవరునీ, అందులో ఒక సర్టిఫికెట్‌నీ అమ్మింది. ఆ కాగితం పోస్టులో పంపితే నాలుగు బొమ్మలు తర్వాత ఇంటికొస్తాయి. లేని బొమ్మని, వస్తుందన్న హామీని పిల్లలకి అమ్మడం వ్యాపార చరిత్రలో ఒక పాఠమే.

ఆ బొమ్మల ఎత్తు మూడూ ముప్పావు అంగుళాలు. ఈ కొలత వెనక నౌకే ఉంది. అంతకుముందు మగపిల్లల కోసం వచ్చిన సైనికుడి బొమ్మలు అడుగు ఎత్తు ఉండేవి. అడుగు ఎత్తు మనిషి కూర్చునే నౌక చేయాలంటే అది మంచమంత అవుతుంది, ధర సామాన్యుడికి అందదు. మనుషుల్ని చిన్నవాళ్లని చేస్తే నౌకల్ని అమ్మొచ్చు. నౌక కోసం మనిషిని కుదించారన్నమాట. ఆ తర్వాత చాలా కంపెనీలు అదే కొలతని పాటించాయి.

ఇక ఫాల్కన్. బూడిదరంగు ప్లాస్టిక్. పొడవు ఇంచుమించు అడుగున్నర పైమాటే. ముందు రెండు కోరల్లాంటి భాగాలు, పక్కన నౌక నడిపేవాళ్లు కూర్చునే గది, పైన గిన్నెలాంటి రాడార్. ఇంతవరకూ యుద్ధనౌకే. అసలు విశేషం పైకప్పులో ఉంది. అందులో ఒక పెద్ద ముక్క పైకి లేస్తుంది. లోపల ఒక గది. గదిలో చదరంగంలాంటి ఆట ఆడుకునే బల్ల. దారానికి వేలాడే చిన్న బంతి, కత్తిసాము నేర్చుకోవడానికి. నేలలో ఒక మూత, దాని కింద దొంగసరుకు దాచే అర. తిరిగే ఫిరంగి, దాని వెనక ఒక కుర్చీ. బ్యాటరీ వేస్తే యుద్ధం హెచ్చరిక చప్పుడు వస్తుంది.

ఈ జాబితాని మళ్లీ ఒకసారి చదవండి. ఆడుకునే బల్ల, నేర్చుకునే చోటు, దాచుకునే అర, కూర్చునే కుర్చీలు. ఇది ఇల్లు కాదా? పైకప్పు ఎత్తితే లోపల గదులు కనిపించే బొమ్మని అమెరికాలోనూ యూరప్‌లోనూ ఎప్పటినుంచో ఆడపిల్లలకి ఇస్తున్నారు. దాన్ని బొమ్మరిల్లు అంటారు. అదే ఇంటికి ఫిరంగి తగిలించి, కిందికి దిగే కాళ్లు పెట్టి, బూడిదరంగు వేస్తే అది మగపిల్లల బొమ్మ అయింది. మగపిల్లాడు బొమ్మరిల్లు ఆడుకుంటే నామోషీ. నౌక ఆడుకుంటే గొప్ప. నిజానికి ఇద్దరూ చేసేది ఒకటే. చిన్నచిన్న మనుషుల్ని తీసి ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎవరితో మాట్లాడాలో సర్దడం.

అర్సులా లెగ్విన్ 1986లో రాసిన 'ద క్యారియర్ బ్యాగ్ థియరీ ఆఫ్ ఫిక్షన్' వ్యాసం ఇక్కడ నాకు గుర్తొస్తుంది. మనిషి మొదటి పనిముట్టు బల్లెమూ కత్తీ కాదు, ఏరుకున్నది వేసుకునే బుట్టో, సంచో, గిన్నో అయ్యుంటుందన్నది ఎలిజబెత్ ఫిషర్ ప్రతిపాదన. లెగ్విన్ దాన్ని సాహిత్యానికి తెచ్చింది. బల్లెంతో ఏనుగుని చంపిన వీరుడి కథే కథ అని మనల్ని నమ్మించారు. గింజలు ఏరి సంచిలో ఇంటికి తెచ్చినవాళ్లకి కథ లేకుండా పోయింది. నవల అంటే అసలు సంచి లాంటిదనీ, సైన్స్ ఫిక్షన్ కూడా బాణంలా దూసుకుపోవడం మానేసి సంచి కావచ్చనీ ఆమె వాదం. ఫాల్కన్ బొమ్మని చూస్తే ఈ రెండూ ఒకే ప్లాస్టిక్‌లో పోత పోసినట్టుంటాయి. పైకి బాణం, లోపల సంచి. అట్టపెట్టె మీద అమ్మింది బాణాన్ని. పిల్లలు గంటల తరబడి ఆడుకున్నది సంచితో.

మన భాషలో ఇంకో చక్కటి చిక్కు ఉంది. పాత్ర అంటే గిన్నె. పాత్ర అంటే కథలో మనిషి కూడా. మన ఆడపిల్లలకి ఇచ్చినవి లక్కపిడతలు. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి పట్టి, లక్కరంగులు పూసి చేసే బుల్లి కుండలు, గరిటెలు, తిరగలి, రోలు, పొయ్యి. వాటితో ఆడే ఆటకి గుజ్జనగూళ్లని అందమైన పేరు. ఆ ఆటలో పాత్రలన్నీ గిన్నెలే, మనుషులు లేరు. వంట ఉంది, ప్రయాణం లేదు. ఫాల్కన్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. ప్రయాణం ఉంది, వంట లేదు. బొమ్మ మొత్తం వెతకండి, పొయ్యి కనపడదు. మంచం కనపడదు. కసవు ఊడ్చే చీపురు కనపడదు. నక్షత్రాల మధ్య తిరిగే మనుషులు ఏం తింటారో, ఎక్కడ పడుకుంటారో ఆ నౌకకి పట్టదు. ఇంట్లోంచి ఇంటిపని తీసేస్తే మిగిలేదే అంతరిక్ష నౌక. ఇంట్లో ఇంటిపని మాత్రమే మిగిల్చితే లక్కపిడతలు. ఒకే ఇంటిని రెండు ముక్కలు చేసి ఒక ముక్క అబ్బాయికీ ఒక ముక్క అమ్మాయికీ ఇచ్చారు. ప్రపంచానికి ఆ పక్కన ఒక ముక్క, ఈ పక్కన ఒక ముక్క తయారయ్యాయి కాబట్టి రెండూ ఒకే ఇంటివని మనకి తట్టలేదు.

మా అన్నయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. న్యూజెర్సీలో ఉంటాడు. పెద్దయ్యాక, ఉద్యోగం స్థిరపడ్డాక, ఎవరో వాడిన పాత ఫాల్కన్ కొనుక్కున్నాడు. అద్దాల బీరువాలో పెట్టాడు. అద్దాలు తుడిచేది వదిన. ఒక సమావేశం కోసం వెళ్లినప్పుడు వాళ్లింట్లో నాలుగు రోజులున్నాను. ఎనిమిదేళ్ల మేనకోడలు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, నాన్న లేని సమయం చూసి బీరువా తలుపు తీసింది. నౌక పైకప్పు లేపింది. లోపలున్న నలుగురు మనుషుల్ని వరసగా పడుకోబెట్టి, కాగితం రుమాలు నాలుగు ముక్కలు చేసి నలుగురికీ కప్పింది. "వీళ్లకి బెడ్స్ లేవత్తా, అందుకని" అంది. తర్వాత చదరంగం బల్ల మీద సీసా మూత పెట్టి అన్నం వండింది. తయారుచేసినవాళ్లు ఆ నౌకలోంచి ఏం తీసేశారో దానికి ఎవరూ చెప్పలేదు. లోటు దానికే కనపడింది. అన్నయ్య వచ్చి చూసి కోప్పడలేదు గానీ, "అది ఆడుకునేది కాదమ్మా" అన్నాడు. ఆటబొమ్మ గురించి ఆ మాట అన్నప్పుడు అతనికే నవ్వొచ్చింది. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే మన అమ్మమ్మల్ని కలెక్టర్లని ఎవరూ అనలేదు. అట్టపెట్టెల్లోంచి తీసి, తుడిచి, మెట్ల మీద సర్ది, పేరంటం అయ్యాక మళ్లీ గుడ్డల్లో చుట్టి పెట్టిన ఆ పనికి మార్కెట్టులో ధర లేదు.

ఇప్పుడు కుర్చీల ప్రశ్నకి వద్దాం. నౌక నడిపే గదిలో రెండు కుర్చీలు, ఫిరంగి వెనక ఒకటి. వాటిలో ఎవరు కూర్చున్నారు?

1979 పెట్టెలో ఎవరూ లేరు. నౌక ఖాళీగా వచ్చింది, మనుషుల్ని విడిగా కొనుక్కోవాలి. ఇది వ్యాపార కిటుకే. కానీ ఆ ఖాళీ వల్ల ఒక మేలు జరిగింది. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో పెట్టె చెప్పలేదు. పిల్లే నిర్ణయించుకోవచ్చు. అయితే ఆ పిల్లకి అంగట్లో ఎవరు దొరుకుతారు? 1977 కాగితం పంపితే వచ్చిన నలుగురు ల్యూక్, చ్యూబాకా, ఆర్టూ డీటూ, లేయా. నలుగురిలో ఒక స్త్రీ. 1978లో దుకాణాలకి వచ్చిన మొదటి విడత పన్నెండు బొమ్మలు. పన్నెండింటిలో ఒక స్త్రీ, మళ్లీ లేయానే. 1985 దాకా మూడు సినిమాల బొమ్మలు వంద దరిదాపులకి చేరాయి. వాటిలో మానవ స్త్రీ పాత్ర ఒకే ఒక్కతి, అదే లేయా. గ్రహాంతర గాయని సై స్నూటిల్స్‌ని కలిపితే ఇద్దరు. 1983 సినిమాలో తిరుగుబాటు సైన్యానికి నాయకురాలిగా నిలబడి యుద్ధవ్యూహం చెప్పిన మాన్ మాత్మా అనే స్త్రీకి ఆ ఏళ్లలో బొమ్మే రాలేదు. పేరు కూడా గుర్తుండని మద్యశాల జీవులకి బొమ్మలొచ్చాయి. సైన్యాన్ని నడిపిన ఆడమనిషికి రాలేదు.

మగవాళ్ల గుంపులో ఒక్క ఆడది ఉండే ఈ పద్ధతికి కాథా పాలిట్ 1991లో 'స్మర్ఫెట్ సూత్రం' అని పేరు పెట్టింది. నీలిరంగు స్మర్ఫ్‌లందరికీ ఒక్కొక్క గుణం ఉంటుంది. ఒకడు తెలివైనవాడు, ఒకడు సోమరి, ఒకడు కోపిష్టి. స్మర్ఫెట్‌కి మాత్రం ఆడది కావడమే గుణం. మగవాడు మామూలు, ఆడది తేడా అనే పాఠాన్ని మూడేళ్ల పిల్లలు ఇలా నేర్చుకుంటారని పాలిట్ చెప్పింది.

ఈ సూత్రం మనకి తెలుగు వ్యాకరణంలో ఇంకా సూటిగా తెలుస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం మగవాళ్ల పేర్లని మహత్తు అంది, ఆడవాళ్ల పేర్లని మహతి అంది, మిగిలినదంతా అమహత్తు. మాట్లాడేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. అతను వచ్చాడు. నౌక వచ్చింది. ఆమె వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషికీ నౌకకీ క్రియ ఒకటే. బహువచనంలో లెక్క మారుతుంది. నౌకలు వచ్చాయి. స్త్రీలు వచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే చాలు, వాళ్లు వస్తువుల వరస వదిలి మనుషుల వరసలోకి వస్తారు. ఒంటరిగా ఉన్నప్పుడే వాళ్లకి వస్తువుల క్రియ. వ్యాకరణాన్ని నిందించి లాభం లేదు, అది ఎప్పటిదో. కానీ అది ఒక నిజాన్ని దాచిపెట్టుకుంది. నూరు బొమ్మల్లో ఒక్కతిగా నిలబడ్డ లేయా ఆ ఏకవచనంలో ఉంది. సమస్య ఆడబొమ్మ లేకపోవడం కాదు, ఉంది. ఒక్కతే కావడం సమస్య. పక్కన ఇంకో స్త్రీ లేకపోతే ఆమె ఒక మనిషిగా కాక, జట్టులో ఉండాల్సిన ఒక సామానుగా మారుతుంది. ఇంటిపని తీసేసిన ఇంట్లో ఆడవాళ్ల అవసరం ఒకరితో తీరిపోతుందని బొమ్మల లెక్క చెబుతోంది.

లేయా బలహీనమైన పాత్ర కాదని ఎవరైనా అనొచ్చు. నిజమే. 1977 సినిమాలో తనని కాపాడటానికొచ్చిన మగవాళ్లకి దారి దొరక్కపోతే తుపాకీ లాక్కుని దారి చేసింది ఆమే. 1980 సినిమాలో ఫాల్కన్ పాడైతే పనిముట్టు పట్టుకుని మరమ్మతు చేసింది. ల్యూక్ ఆపదలో ఉన్నాడని పసిగట్టి నౌకని వెనక్కి తిప్పమని ఆజ్ఞాపించింది. కానీ మొదటి సినిమాలో శత్రువుల విమానాలు వెంటపడినప్పుడు ఫిరంగుల దగ్గరికి వెళ్లింది హాన్, ల్యూక్. ఆమె చ్యూబాకాతో పాటు ముందు గదిలో ఉండిపోయింది. బొమ్మలో ఫిరంగి వెనకున్న ఆ కుర్చీకి సినిమా ఇచ్చిన కథ మగవాడిది.

సినిమాలో ఉన్న లేయా కంటే దుకాణంలో ఉన్న లేయా ఇంకా చిన్నబోయింది. కెన్నర్ చిన్న బొమ్మలతో పాటు అడుగు ఎత్తు బొమ్మలూ చేసింది. ఆ పెద్ద లేయాతో పాటు వచ్చినవి దువ్వెన, బ్రష్షు, రకరకాల జడలు వేయడం నేర్పే చిన్న పుస్తకం. నక్షత్ర సామ్రాజ్యం మీద తిరగబడ్డ నాయకురాలు అడుగు ఎత్తుకి పెరిగేసరికి జడలు వేయించుకునే బొమ్మ అయింది. మూడూ ముప్పావు అంగుళాల బొమ్మకి నౌక ఉంది. అడుగు బొమ్మకి అద్దం ముందు కూర్చోవడమే మిగిలింది.

ఇంకో సంగతి. 1983 సినిమాలో లేయాని బంధించి, మెడకి గొలుసు వేసి, లోహపు లోదుస్తుల్లాంటి బట్టల్లో కూర్చోబెట్టిన దృశ్యం ఉంది. ఆ దృశ్యంలో ఆమె చివరికి అదే గొలుసుతో తనని బంధించినవాడిని చంపేస్తుంది. 1980ల్లో కెన్నర్ ఆ బట్టల్లో బొమ్మ చేయలేదు. మారువేషంలోనూ, యుద్ధపు దుస్తుల్లోనూ ఉన్న లేయాల్నే చేసింది. గొలుసు లేయా బొమ్మ 1997లో వచ్చింది. అప్పటికి మొదటి ఫాల్కన్ కొనిపించుకున్న పిల్లలు పాతికేళ్లు దాటినవాళ్లు, సొంత జీతాలున్నవాళ్లు. సినిమా మారలేదు, కొనేవాళ్ల వయసు మారింది. బొమ్మ పిల్లల ఆటకోసమా, పెద్దల చూపుకోసమా అన్న ప్రశ్నకి ఈ పద్నాలుగేళ్ల తేడాలో జవాబుంది.

తెర ముందు ఒక్కతే అయినా తెర వెనక స్త్రీలు లేరా? ఉన్నారు. మొదటి సినిమాని ఎడిటింగ్ చేసి ఆస్కార్ అందుకున్న ముగ్గురిలో మార్షియా లూకస్ ఒకరు. చివరి యుద్ధం మనల్ని కుర్చీ అంచున కూర్చోబెడితే అందులో ఆమె కత్తెర పనితనం ఉంది. రెండో సినిమాకి మొదటి చిత్తుప్రతి రాసింది లీ బ్రాకెట్. అప్పటికే దశాబ్దాలుగా సైన్స్ ఫిక్షన్ రాస్తున్న రచయిత్రి. చిత్తు రాశాక 1978 మార్చిలో చనిపోయింది. ఫాల్కన్ ఎగిరిన దారుల్లో కొన్నిటిని మొదట గీసింది ఆమే. కానీ సినిమా పేరెత్తగానే లూకస్ అనే ఇంటిపేరు వెనక మగ ముఖమే గుర్తొస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే పేర్లు కూడా లేని స్త్రీలున్నారు. మొదటి విడత చిన్న బొమ్మల కాళ్ల వెనక హాంకాంగ్ అని అచ్చు ఉంటుంది. 1970ల్లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బొమ్మలు ఎగుమతి చేసినది ఆ చిన్న నగరం. అక్కడి ప్లాస్టిక్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, చాలామంది పెళ్లికాని అమ్మాయిలు. బొమ్మల విడిభాగాలు ఇళ్లకి తెచ్చుకుని, పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని, ముక్కకింత అని కూలికి చేసిన తల్లులూ ఉన్నారు. మన బీడీ కార్మిక స్త్రీలు గుర్తొస్తారు. లేయా కళ్లకీ జుట్టుకీ రంగు పడిందంటే దాని వెనక అలాంటి చేతులున్నాయి. కూలి పెరిగాక ఆ పరిశ్రమ కూలి తక్కువ దేశాలకి తరలిపోయింది. 1993 మే 10న థాయిలాండ్‌లో, బ్యాంకాక్ పక్కనున్న నఖోన్ పాథోమ్ ప్రాంతంలో కేడర్ బొమ్మల ఫ్యాక్టరీ తగలబడింది. 188 మంది చనిపోయారు. ఎక్కువమంది పల్లెలనుంచి వచ్చిన యువతులు. బయటికెళ్లే తలుపులకి తాళాలున్నాయి. మేడల మీదనుంచి దూకినవాళ్లున్నారు. భవనాలు కాసేపట్లోనే కూలిపోయాయి. అమెరికా పిల్లల కోసం బొమ్మలు చేసే చోటు అది. 1970ల ఫాల్కన్ మనుషులు ఆ ఫ్యాక్టరీలో తయారైనవాళ్లు కాదు. కానీ పరిశ్రమ అదే, పద్ధతి అదే. నౌకలోంచి మాయం చేసిన ఆడవాళ్ల పని ఎక్కడికీ పోలేదు. సముద్రం అవతలి ఫ్యాక్టరీకి చేరింది. బొమ్మల్లో స్త్రీ ఎప్పుడూ ఏకవచనం. బొమ్మలు చేసినవాళ్లలో ఆమె బహువచనం. పేరు మాత్రం ఏకవచనానికే ఉంది.

ఇదంతా పాత కథ, ఇప్పుడు మారిపోయింది కదా అనిపించొచ్చు. 2015 డిసెంబరులో 'ద ఫోర్స్ అవేకెన్స్' వచ్చింది. అందులో ప్రధాన పాత్ర రే అనే అమ్మాయి. ఎడారిలో పాత ఇనుము ఏరుకుని బతికే పిల్ల. లెగ్విన్ సంచి పట్టుకున్న మనిషే అనుకోండి. తుక్కులో పడున్న మిలీనియం ఫాల్కన్‌ని లేపి ఎగరేసింది ఆ పిల్లే. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత ఆ నౌక నడిపే కుర్చీలోకి ఒక ఆడపిల్ల కథానాయికగా వచ్చి కూర్చుంది. సరిగ్గా ఆ సమయానికి, కెన్నర్ వారసత్వం అందుకున్న హాస్‌బ్రో ఒక కొత్త ఫాల్కన్ బొమ్మ అమ్మింది. ఈసారి పెట్టె ఖాళీగా రాలేదు, మనుషులతో వచ్చింది. ఫిన్, చ్యూబాకా, బీబీ ఎయిట్. రే లేదు. నౌక ఉంది, నడిపిన అమ్మాయి లేదు.

అదే కంపెనీ అదే సినిమా పేరుతో తెచ్చిన మోనోపలీ ఆటలో నాలుగు పావులున్నాయి. నలుగురూ మగవాళ్లే. అందులో డార్త్ వేడర్ ఒకడు. ఆ సినిమా కథాకాలానికి అతను చచ్చిపోయి ఏళ్లయింది. చచ్చిపోయిన మగవాడికి చోటుంది, బతికున్న కథానాయికకి లేదు. ఒక ఎనిమిదేళ్ల అమెరికన్ పాప 2016 జనవరిలో కంపెనీకి ఉత్తరం రాసి దీన్ని నిలదీసింది. దేశమంతా ఆ ప్రశ్న అందుకుంది. సినిమా కథ ముందే బయటపడకూడదని రేని పెట్టలేదని కంపెనీ సంజాయిషీ చెప్పింది. తర్వాత రే పావు చేరుస్తామంది. కథ బయటపడుతుందన్న భయం ఎంత చక్కగా నిజం చెప్పిందో గమనించారా? ఆడపిల్ల నౌక నడుపుతుందన్న సంగతే వాళ్ల దృష్టిలో దాచిపెట్టాల్సిన రహస్యం.

1979 పెట్టెనీ 2015 పెట్టెనీ పక్కపక్కన పెడితే నాకు విచిత్రంగా అనిపిస్తుంది. పాత పెట్టె ఎవరినీ కూర్చోబెట్టలేదు, కాబట్టి ఎవరైనా కూర్చోవచ్చు. కొత్త పెట్టె కూర్చోబెట్టింది, కూర్చోబెట్టడంలోనే ఒకరిని దించేసింది. సినిమా ముందుకి నడిచింది. సినిమాని అమ్ముకునే అట్టపెట్టె వెనక్కి నడిచింది. అందుకే సినిమా కథని మాత్రమే విమర్శించి ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం. పిల్ల థియేటర్లో రెండు గంటలుంటుంది. బొమ్మతో రెండేళ్లుంటుంది.

ఆడపిల్లలు ఏ బొమ్మతోనైనా తమకి కావాల్సిన ఆట ఆడుకుంటారు, పెట్టె మీద ఏముంటే ఏమిటి అని కొందరంటారు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఆ రోజుల్లో చిన్న లేయా బొమ్మలు ఐదు రకాల దుస్తుల్లో వచ్చాయి. తెల్ల గౌను, మేఘనగరం దుస్తులు, మంచు గ్రహం దుస్తులు, మారువేషం, యుద్ధపు అంగీ. హాన్‌కీ ల్యూక్‌కీ కూడా ఇలాగే రకరకాల బొమ్మలొచ్చాయి, అది ఒకే మనిషిని మళ్లీ మళ్లీ అమ్మే ఉపాయం. కానీ నేలమీద కూర్చున్న పిల్లకి ఆ ఐదూ ఒకే మనిషి కావాలని ఏముంది? ఐదుగురు అక్కచెల్లెళ్లు కావచ్చు, ఐదుగురు స్నేహితులు కావచ్చు. ఇద్దరు ముందు కుర్చీల్లో, ఒకతి ఫిరంగి దగ్గర, ఇద్దరు బల్ల దగ్గర కూర్చుంటే నౌక నిండిపోతుంది. కంపెనీ అమ్మిన ఏకవచనాన్ని పిల్ల బహువచనం చేసుకోగలదు. మా మేనకోడలు మంచాలు లేని నౌకలో పక్కలు వేసినట్టే.

కాకపోతే ఆ పని ఎప్పుడూ ఆడపిల్లే ఎందుకు చేయాలి? మగపిల్లాడికి నౌక తయారుగా దొరుకుతుంది, అతను ఎక్కి కూర్చోవడమే. ఆడపిల్ల ముందు తన చోటు తయారుచేసుకుని, అప్పుడు ఎక్కాలి. ఆటలో కూడా అదనపు చాకిరీ ఆమెదే. అలాగే పొయ్యీ పక్కా లేని ఇల్లు నిజమైన ఇల్లని నమ్మి పెరిగిన మగపిల్లాడికి కూడా అన్యాయమే జరుగుతోంది. అన్నం ఎక్కణ్ణుంచి వస్తుందో అతని నౌక అతనికి నేర్పలేదు. పెద్దయ్యాక అద్దాల బీరువా ఎవరు తుడుస్తున్నారో అతనికి కనపడకపోతే ఆశ్చర్యమేముంది?

అందుకే ఆటబొమ్మని చదివేటప్పుడు గులాబీరంగా, నీలిరంగా అన్న దగ్గర ఆగొద్దు. మూత తీసి చూడాలి. ఇందులో ఏ పని దాచేశారు? ఎన్ని కుర్చీలున్నాయి, పెట్టెలో వచ్చినవాళ్లు ఎవరు, రానివాళ్లు ఎవరు? కాలి వెనక ఏ ఊరి పేరుంది? ఇవి కథని చదివేటప్పుడు మనం వేసుకునే ప్రశ్నలే. అబ్బాయికి లక్కపిడతలు, అమ్మాయికి నౌక ఇచ్చేస్తే సరిపోతుందని కూడా నేననను. విడదీసిన రెండు ముక్కల్ని తారుమారు చేస్తే ఇల్లు అతుక్కోదు. నౌకలో పొయ్యి వెలగాలి, పొయ్యి దగ్గరున్నవాళ్లకి నౌక నడపడం రావాలి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆ కుర్చీల్లో కూర్చోవాలి, ఒకతి తెలివైనదిగా, ఒకతి సోమరిగా, ఒకతి కోపిష్టిగా. అప్పుడు మనం 'నౌక వచ్చింది, ఆమె వచ్చింది' అని ఒకే క్రియతో సరిపెట్టలేం. వాళ్లు వచ్చారు అనాల్సిందే.